పంతులుగారు కలిపిన రెండేళ్ళు

జూన్ 19

మా ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో ఆవిడకి,

ఫోనుండగా ఉత్తరమేంటని కంగారుపడకు. మా గదిలో ఐదుగురం. నేను హలో అంటే నలుగురు ఊకొడతారు. అందుకే రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ రాసే పంపు.

ముందు తప్పు ఒప్పుకుంటాను. ఎనిమిది నెలలుగా నేను కటింగ్ మాస్టర్ని కాను. బట్ట కత్తిరించే మెషినొకటి తెచ్చారు. "నీ చెయ్యి బంగారమే మాస్టారూ, కానీ మెషిను టీ అడగదు కదా" అని మేనేజరు నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి పంపాడు. నువ్వు పనెలా ఉందంటే చేతినిండా పని అన్నాను. అబద్ధం కాదు, చేతిలో కత్తెర బదులు ఇస్త్రీపెట్టె, అంతే. పక్కవాళ్ళు ఇంకా మాస్టారూ అనే పిలుస్తారు. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

రెండు వీధుల అవతల ఒకావిడ యూనిఫారాలు కుట్టించే షాపు నడుపుతోంది. నేను కత్తిరించిన పాత చొక్కా చూసి, కటింగ్ బల్ల మీకే ఇస్తాను రండి అంది. ఆ మాటకే కరిగిపోయి ఇక్కడ రాజీనామా ఇచ్చేశాను. ఈ పరాయి దేశంలో పని చేసుకునే పర్మిట్టు యజమాని పేరు మీదుంటుంది. గేదెని ఒక గుంజ నుంచి విప్పి ఇంకో గుంజకి కట్టాలంటే ఆఫీసు కాగితం రావాలి. నేను పలుపు విప్పేసుకున్నాను, రెండో గుంజ ఇంకా పాతలేదు. ముప్పయ్యో తారీఖు నాకు ఇక్కడ ఆఖరు. ఆలోపు కాగితం రాకపోతే ఇంటికి పంపించేస్తారు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఉన్నచోటే ఉంటే వయసు అడగరు. యజమాని మారితే మాత్రం యాభై ఐదు నిండి ఉండకూడదట. మీకు యాభై మూడేగా అంటావు. పాస్‌పోర్టు ఒప్పుకోదు. అక్క ఒక్కతే బడికి వెళ్ళనని ఏడిస్తే తోడుగా నన్నూ తోలారు. వయసు చాలదని పంతులుగారు రెండేళ్ళు కలిపారు. ఏ రోజు పుట్టాడంటే మా నాన్న "కోతలప్పుడండీ" అన్నాడు. పంతులుగారు జూలై ఒకటి వేసేశారు. మా క్లాసులో ముప్పైమందిమి ఒకే రోజు పుట్టాం, పాపం ఆ మంత్రసాని!

ఈ జూలై ఒకటికి కాగితం మీద నాకు యాభై ఐదు నిండిపోతాయి. ఇంకా పదకొండు రోజులే. అన్నం సయించట్లేదు. నువ్వు బడికెళ్ళి హెడ్మాస్టరుగారి చేత నా అసలు వయసు రాయించి పంపు. తప్పు రాసింది బడే, దిద్దాల్సిందీ బడే.

నీ ఆయన,
కాగితం మీద ముసలాడు

జూలై 2

అదే ఆవిడకి,

నువ్వు రాయించి పంపిన కాగితం షాపావిడకి చూపించాను. "ఇది దాచెయ్యండి. రెండు పుట్టినరోజులున్నవాడికి ఒక్క పర్మిట్టు కూడా ఇవ్వరు. పాస్‌పోర్టే దొంగదంటారు" అంది. నిజం రుజువైతే దొంగనయ్యే జాతకం నాది.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే పర్మిట్టు ఆఫీసు ముందు నిలబడ్డాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, కాగితం ఎల్లుండి వస్తుందంది. "ఎల్లుండికి నేను ముసలాణ్ణి అయిపోతానమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నా పుట్టినరోజు మళ్ళీ చూసి, "అయితే రాదు" అంది.

బయట మెట్ల మీద కూర్చుని ఫోనులో నీ ఉత్తరం మళ్ళీ తీశాను. కాగితంతో పాటు నువ్వు రాసిన నాలుగు ముక్కలకి భయపడే ఇన్నాళ్ళూ జవాబివ్వలేదు. "ఇస్త్రీ చేస్తున్నారని కాదు నా బాధ. దాచారు చూడండి, అదీ. మా నాన్న ముప్పై ఏళ్ళు తోపుడుబండి మీద బొగ్గులపెట్టెతో ఇస్త్రీ చేసే మమ్మల్ని పెంచాడు. నన్ను చూడ్డానికొచ్చిన రోజు మీరేసుకున్న చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారో మర్చిపోయారా?"

మర్చిపోలేదే. నాకు చిన్నతనంగా ఉందని ఎనిమిది నెలలు కుమిలానే గానీ, ఆ చిన్నతనం మీ నాన్నకి అంటగడుతున్నానని తోచలేదు.

సాయంత్రం కంపెనీ మూసేలోపు మేనేజరు దగ్గరికెళ్ళాను. "ఏం మాస్టారూ, కొత్త బల్ల విరిగిందా?" అన్నాడు.

"మాస్టర్ని కాదండీ, ఇస్త్రీవాణ్ణి. నా రాజీనామా వెనక్కిచ్చెయ్యండి" అన్నాను. ఇస్త్రీవాణ్ణని నోటితో అనడం అదే మొదలు. వాడు సొరుగులోంచి కాగితం తీసి, రద్దని రాసి సంతకం పెట్టించుకున్నాడు.

ఇవాళ నల్లకోట్లు వచ్చాయి. తడిగుడ్డ వేసినా మడతల దగ్గర వేడికి మెరుపు మచ్చలు పడుతున్నాయి. మావయ్యగారు ఏం చేసేవారో బండి పక్కన నిలబడి చూసినదానివి, నీకు తెలుస్తుంది. రాయి. తిట్లేమన్నా మిగిలుంటే అవి కూడా కలిపే రాయి.

మీ నాన్నగారి అల్లుడు