ముంత అడుగు బెల్లం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సంవత్సరీకం ముగించుకుని నీ కూతురు విశాఖ నుంచి నర్సీపట్నం, మా ఇంటికి వచ్చింది. నేను దీపం పెట్టి వచ్చేసరికి సెల్‌లో పాత ఇంగ్లీషు సినిమా చూస్తోంది. మాటల్లేని సినిమా. కథ నీ కూతురే చెప్పింది. పేదింటి పిల్ల పట్టుబట్టి పెద్దింటి కోడలవుతుంది. విందుకు కన్నతల్లి వస్తే పనిమనిషని అందరికీ చెబుతుంది.

"అచ్చం మా అమ్మే కదా పిన్నీ? ఆ రోజు ఇంటికొచ్చిన అతిథులతో నిన్ను కూడా ఊరి మనిషి అనేసింది. నేను విన్నాను," అంది.

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. నేను గొలుగొండ నుంచి మీ ఇంటికి ముంతతో కొత్త బెల్లం తెచ్చిన రోజు అది. అతిథులు వెళ్లాక నువ్వు పట్టుచీరతోనే వంటింట్లో నేల మీద కూర్చున్నావు. ముంత అడుగంతా వేలితో నాకి, "ఇంతేనేటే? మళ్లీ బేగి తే," అన్నావు. అది నీ కూతురు చూడలేదు.

లోపలికెళ్లి బెల్లం ముక్క తెచ్చి దాని చేతిలో పెట్టాను.

"తినమ్మా. మీ అమ్మకి పేణం."

"అమ్మకా? బెల్లమా?"

"ఆ సెల్లు పక్కనెట్టి ఇలా కూకో. సెప్తాను."

నీ చెల్లెలు