పలకని మెట్టు

నాన్నా,

నిన్న కారంపూడి చర్చిలో నా పెళ్లి జరిగింది. నువ్వు పోయి ఏడాది దాటింది. అయినా పాటలకు నీ హార్మోనియమే కావాలని పట్టుబట్టాను.

కొత్త మాస్టారు వాయిస్తుంటే ఒక మెట్టు పలకలేదు. పాట అక్కడ తెగిపోయింది.

"ఇన్నేళ్లూ దీన్ని ఎట్టా వాయించారమ్మా మీ నాయన?" అన్నారాయన.

నాకప్పుడు అర్థమైంది. బడి నుంచి రాగానే మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని వాయించేటప్పుడు, ఆ ఒక్క స్వరం నువ్వే గొంతుతో పాడేవాడివి.

మాస్టారు మళ్లీ మొదలుపెట్టారు. ఆ చోటు రాగానే ముసుగులోంచి ఆ స్వరం నేను అందుకున్నాను. ముందు వరసలో కూర్చున్న అమ్మ నా వైపు చూడలేదు. ఉలిక్కిపడి, ఎవరూ లేని చర్చి గుమ్మం వైపు తిరిగింది.

"ఇంత ఆలస్యమైందేందండీ?" అంది.