రెహానా అడిగిన కుశలం

అభా, సౌదీ అరేబియా

ప్రియమైన అక్కకు,

సరిత నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వారం రోజులుగా ఇక్కడ పొగమంచు. కిటికీ తెరిచి పెడితే కోతులు బ్రెడ్ ఎత్తుకుపోతున్నాయి. తిండికి లోటు లేదు, దిగులు పడకు. ఎవరైనా వచ్చేవాళ్లుంటే చింతకాయ తొక్కు పంపు.

బాగానే ఉన్నానని రాశాను గానీ అక్కా, నీ దగ్గర దాచలేను.

నా గదిలో ఉండే రెహానా తెలుసు కదా, కడప అమ్మాయి, నాలాగే మా ఆసుపత్రిలో నర్సు. జర్మనీలో నర్సులు కావాలని ముందు తెలిసింది నాకు. జర్మన్ నేర్చుకుందామని దాన్ని లాక్కొచ్చిందీ నేనే. ఫోన్‌లో పాఠం విని, కూరలు తరుగుతూ ఒకరినొకరం అడుక్కునేవాళ్లం. "వీ గేట్స్ దియా?" అంటే ఎట్లా ఉన్నావని. నువ్వు అని పిలుచుకునేవాళ్లనే అట్లా అడుగుతారు. "గూట్" అంటే బాగున్నానని. మొదటి పరీక్ష నేను పాసయ్యాను, అది తప్పింది. మళ్లీ రాసి నన్ను అందుకుంది. పెద్ద పరీక్షలో అది పాసైంది, నేను తప్పాను.

అప్పటినుంచి దాని నవ్వు చూస్తే ఒళ్లు మండేది. జర్మనీవాళ్ల ఇంటర్వ్యూకు ముందురోజు, "కాసేపు నాతో జర్మన్‌లో మాట్లాడు మే, భయంగా ఉండాది" అని బతిమాలింది. డ్యూటీ ఉందని అబద్ధం చెప్పి బజారులో ఒక్కదాన్నే తిరిగాను. దానికి ఆ ఉద్యోగం రాకూడదని కోరుకున్నానక్కా. వచ్చింది.

ఈ దేశం విడిచి వెళ్లడానికి ఎగ్జిట్ కాగితం చేతికొచ్చిన రోజు టీ పోస్తూ అడిగింది. "వీ గేట్స్ దియా?"

"గూట్" అన్నాను.

"నిజం చెప్పు మే. నెల దినాల నుంచి నాతో సరిగ్గా మాట్లాడ్డంలే నువ్వు."

తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు. "ఇష్ బిన్ నైదిష్" అన్నాను. నీ మీద కుళ్లుకుంటున్నానని. ఇంటర్వ్యూ ముందురోజు డ్యూటీ లేదని కూడా చెప్పేశాను.

అది గ్లాసు కింద పెట్టింది. "ఆ మాట మన పాఠాల్లో లేదే. యాడ నేర్చుకుంటివి?"

"ఫోన్ల ఎతికిన."

"నేనూ ఎతుక్కుంటి, నువ్వు ముందు పాసైనప్పుడు" అంది. మళ్లీ తనే, "కుళ్లుకుంటే కుళ్లుకో. డ్యూటీ అని అబద్ధం ఎందుకు చెప్తివి మే?" అని ఏడ్చింది.

పోయిన గురువారం వెళ్లిపోయింది. సూట్‌కేసు టాక్సీ దాకా నేనే మోశాను. అక్కడినుంచి అది రెండుసార్లు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. నిన్న ఎత్తాను. గంటసేపు మాట్లాడుకున్నాం, తెలుగులోనే. కుళ్లు ఇంకా పోలేదక్కా. అయినా ఫోన్ పెట్టేయాలనిపించలేదు.

పరీక్ష మళ్లీ రాస్తాను. తప్పిన సంగతి అమ్మకు చెప్పకు. బావకు, పెద్దనాయనకు నా దండాలు చెప్పు, వాళ్ల దీవెన కావాలి. పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
సరిత