బావగారి బెల్లం మొక్కు

బీరంగూడ,
12-8-1976

బావగారికి నమస్కారాలు.

నిన్న ఆసుపత్రిలో మీ మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయిన మాట ఇప్పుడు రాసి, జావ క్యారియరుతో పాటు పంపుతున్నాను. సన్నబడటానికి ఆపరేషన్ చేసినప్పుడు పక్కకు తప్పించిన పేగులో క్రిములు చేరాయట. జ్వరం, విరేచనాలు మందులకు లొంగడం లేదు. పేగును మళ్ళీ మునుపటిలా కలపకపోతే మీరు దక్కరని డాక్టరుగారు నాతో అన్నారు. మీరేమో మళ్ళీ లావెక్కుతానని సంతకం పెట్టనంటున్నారు.

మీకు నయమైతే బొంతపల్లి వీరభద్రుడికి మీ ఎత్తు బెల్లం తూచి ఇస్తానని అక్క మొక్కుకుంది. అది విని పనిమనిషి పోశమ్మ, "అమ్మా, సారు బక్కగైండు గదా! గిప్పుడే తూకమేయిస్తె జెర బెల్లంతోనే ఒడుస్తది" అంది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

"ఆయన మునుపటి మనిషయ్యాకే త్రాసు ఎక్కుతారు. ఎంత బెల్లమైనా సరే. అందాకా దేవుడు ఆగుతాడు" అంది.

దేవుడు ఆగుతాడేమో గానీ, డాక్టరుగారు రేపు దాటితే ఆగలేనన్నారు. సంతకం పెట్టండి. కొత్తగా కుట్టించుకున్న సన్న ప్యాంట్ల గురించి బెంగ వద్దు. అవి నాకు సరిగ్గా సరిపోయాయి.

మీ బావమరిది