పై గదిలో కమలా మొక్క

1999 నవంబరు 18, రాయగడ

గుండెకి వైద్యమయ్యేక వైజాగ్ హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి పడ్డాం. కింద కొట్టు, పైన కాపురం. నన్ను కుర్చీలో కూకోబెట్టి మెట్లు ఎక్కించేరు. బజారంతా చూసింది. బస్తా నయం, దానికి సిగ్గుండదు.

ఎండాకాలం వచ్చేదాకా మెట్లు దిగకూడదట. బరువులు ఎత్తకూడదట. కోపం తెచ్చుకోకూడదట. డాక్టరు ఆ ఆఖరి మాట అన్నప్పుడు మా ఆవిడ సుభద్ర నవ్వు ఆపుకోలేక మొహం తిప్పేసుకుంది.

నవంబరు 21

మా అమ్మాయి అత్తారింట్లో ఉంది. గుమస్తా కన్నయ్య మంచోడే గానీ బేరం దగ్గర నోరు పెగలదు. మరి కొట్టు ఎవరు చూస్తారు? సుభద్ర తాళాలు నడుముకి దోపుకుని దిగిపోయింది. నన్ను అడగలేదు. నేను దిగుతున్నాను అని చెప్పింది, అంతే. దీపావళి పూజకి తప్ప కొట్లో అడుగెట్టని మనిషి.

నవంబరు 22

పడుకున్నాను. లేచేను. మళ్ళీ పడుకున్నాను.

నవంబరు 27

కింద మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. ఎవరో చింతపండు రేటు అడిగేరు. సుభద్ర ఏటి చెప్పిందో వినపడలేదు. ఎక్కువ చెప్పిందా, తక్కువ చెప్పిందా? నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించేను. అప్పుడే టీ పట్టుకొచ్చి చూసి కెవ్వుమంది. పోయేననుకుంది పాపం. నడుం నొప్పి అన్నాను. నమ్మలేదు.

డిసెంబరు 5

బావమరిది గున్నయ్య చూడ్డానికి వచ్చేడు. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కాలనీలో ఉంటాడు. రోగిని చూడ్డానికి అందరూ పళ్ళు తెస్తారు. వీడు డాల్డా డబ్బాలో మొక్క తెచ్చేడు. కమలా అంటు, మోకాలెత్తుంది. "కిటికీ కాడ ఎట్టుకో బావా, ఇంట్లోనే కాస్తాది" అన్నాడు.

నేనేటి, తోటమాలినా? వాడు వెళ్ళేక కప్పులో మిగిలిన టీ దాంట్లో పోసేసేను.

డిసెంబరు 13

పొద్దుట ఎండ వీధి కిటికీలోంచి వస్తుంది. మధ్యాహ్నానికి వంటింటి వైపు పోతుంది. పుట్టి పెరిగిన ఇల్లు, నాకీ సంగతి తెలీదు. పగలు ఇంట్లో ఉన్నదెప్పుడు గనక?

డబ్బాని కాలితో తోసుకుంటూ ఎండ ఎటుంటే అటు తిరిగేను. కాలితో తొయ్యడం బరువెత్తడం కాదు.

డిసెంబరు 20

ఆకులు పసుపెక్కేయి. నీళ్ళు చాలలేదనుకుని చెంబులకి చెంబులు పోసేను. కాసేపటికి సుభద్ర పైకొచ్చింది, వెనక కన్నయ్య. స్లాబులోంచి నీరు దిగి పంచదార బస్తా తడిసిపోయిందట. "మొక్కకి నీళ్ళు పోస్తన్నారా, సెరువు నింపుతన్నారా?" అంది. కన్నయ్య గోడకి తిరిగి నవ్వుకున్నాడు. వాడు నవ్వగా చూడ్డం ఇదే మొదలు. చాలా కోపం వచ్చింది. రాకూడదు కదా, మింగేను.

గున్నయ్యకి ఫోన్ చేసేను. నీళ్ళు ఎక్కువైనా ఆకులు పసుపవుతాయట. వేలు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పొయ్యాలట. డబ్బా మార్చమన్నాడు. సాయంత్రం సుభద్రే పెద్ద మట్టికుండీ తెప్పించింది, అడుగున పళ్ళెంతో సహా. కన్నయ్య ఇసక కలిపిన మట్టి పోసి, మొక్కని దాంట్లోకి మార్చేడు. నేను పక్కన నిలబడి తిట్టేను.

2000 జనవరి 3

దిగేను. పంచదార బస్తా చూద్దామని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఉండలేకపోయేను.

గోడ పట్టుకుని మెట్ల మలుపు దాకా వెళ్ళేను. గల్లా దగ్గర నా గద్దె మీద సుభద్ర. కల్యాణసింగ్‌పూర్ వైపు నుంచి పసుపు తెచ్చిన ఆడవాళ్ళు కొట్టు లోపలే కూకుని టీ తాగుతున్నారు. నా హయాంలో వాళ్ళు రోడ్డు మీద నిలబడేవారు. నాకు వాళ్ళ కొండ భాషలో రేటు తప్ప ఏదీ రాదు. సుభద్ర గలగలా మాట్లాడేస్తోంది. ఎప్పుడు నేర్చుకుంది? వాళ్ళు "మావుసీ, మావుసీ" అని, అంటే ఒడియాలో పిన్నీ అని, దాన్ని వరసపెట్టి పిలుస్తున్నారు. సుభద్ర ఏదో అంటే అందరూ నవ్వేరు. నా గురించేనేమో.

నన్నెవరూ చూడలేదు. ఎక్కేటప్పుడు గుండె పట్టేసింది. మెట్టు మీద కూలబడి మాత్ర నాలిక కింద పెట్టుకున్నాను. తగ్గింది.

జనవరి 4

సుభద్రకి చెప్పలేదు.

జనవరి 25

అనాసపండు తల కోసి పెయింటు డబ్బాలో పాతేను. నిమ్మ గింజలు టీ గ్లాసుల్లో. ఇంట్లో గ్లాసులన్నీ మట్టిపాలు చేసేనని గొడవ. ఈ మొక్కలు పెరిగే తీరు చూస్తుంటే నాకు పిచ్చెక్కుతోంది. ఒక్క ఆకు విచ్చడానికి వారం పడుతుందా?

ఫిబ్రవరి 12

కమలా పూసింది! వాసన వంటింటి దాకా.

దోమలకని కిటికీలకి మెష్ కొట్టించేం. తేనెటీగలు ఎలా వస్తాయి? పూలని మనమే కలపాలి, కాయ బాగా పడుతుంది అన్నాడు గున్నయ్య. చెవిలో తిప్పుకునే దూది పుల్ల తీసుకుని ఒక పువ్వు పొడి ఇంకో పువ్వుకి అద్దుతుంటే రెమ్మ ఊగిపోయింది. అన్నానికి పైకొచ్చిన సుభద్ర రెమ్మ కదలకుండా పట్టుకుంది. పట్టుకునే, "పసుపు ఇప్పుడే అమ్మెయ్యాలా, ఉంచాలా?" అని అడిగింది.

నాకు ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. ఉంచు అన్నాను. నిన్ననే అమ్మేసేనంది. నవ్వింది. నేనూ నవ్వేను. ఒక పువ్వు రాలిపోయింది.

మార్చి 2

మిరియపు గింజల్లాంటి పిందెలు. పొద్దున్న లేచేసరికి సగం కింద పడున్నాయి. ఏరి చేతిలో పట్టుకుని చాలాసేపు తిరిగేను.

మార్చి 9

రాయగలననిపించింది ఇవాళే.

నాలుగు రోజుల కింద, ఎండ సరిగ్గా తగలాలని కుండీని ఎత్తి స్టూలు మీద పెట్టబోయేను. అదీ నేనూ కలిసి పడ్డాం. ఆ దబ్బుమన్న చప్పుడుకి సుభద్ర పరిగెత్తుకొచ్చింది, వెనక పసుపు తెచ్చినవాళ్ళు. వాళ్ళే నన్ను మోసి కిందకి దించేరట. మూడ్రోజులు ఇక్కడి ఆస్పత్రిలోనే. దెబ్బ పెద్దది కాదన్నారు. కుండీ పగిలింది గానీ మొక్క బతికింది.

ఇంటికొచ్చేక జనవరి సంగతి చెప్పేసేను. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. "మీకు కొట్టు మీద అంత బెంగుంటే మీరే తీసుకోండి. ఉగాదికి మీరు కూకోండి. అందాకా తలుపు తియ్యను. నాకొద్దు ఆ కొట్టు" అంది. తాళాలు నా దిండు పక్కన పెట్టింది.

నవంబరు నుంచీ నాకు కావలసింది అదే కదా.

మార్చి 10

కొట్టు మూసి ఉంది. కింద మాటా లేదు, కాటా చప్పుడూ లేదు. ఎవరో "మావుసీ" అని పిలిచి, ఇంకోసారి పిలిచి, వెళ్ళిపోయేరు. సుభద్ర పప్పు ఏరుతూ తల ఎత్తలేదు. దాని మొహం చూడలేకపోయేను.

తియ్యి అన్నాను. తియ్యనంది.

సాయంత్రం

"నా కోసం వద్దు, నీకిష్టమని తియ్యి" అన్నాను. ఏరిన పప్పునే మళ్ళీ ఏరింది. "పసుపు వాళ్ళు రేపు మళ్ళీ వస్తారు" అంది.

మార్చి 11

తీసింది.

ఏప్రిల్ 5, ఉగాది

డాక్టరు సరేనన్నాడు. మెట్లు దిగేను. సుభద్ర గద్దె మీంచి లేవబోయింది. కూకో అన్నాను. చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటేను. మొక్కలమ్మే చోటు దాకా నడిచేను, ఆగి ఆగి. వెనక్కి రిక్షాలో వచ్చేం, నేనూ ఒక జామ మొక్కా.