లేవని చేతులు

చిన్నాయనా, నిన్న గ్రామసభలో అధికారి నన్ను దేశద్రోహి అన్నాడు. మన పొలాల్లో సున్నపురాయి గని వద్దన్నందుకు. నిరుడు అదే మాటకు చెయ్యెత్తిన నిన్ను స్టేషనుకు తీసుకుపోయి, శవంగా అప్పగించారు. అందుకే నిన్న గని వద్దనేవాళ్లు చెయ్యెత్తమంటే, గోడ పొడవునా నిలబడ్డ పోలీసుల ఎదుట ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఊరంతా ఒప్పుకున్నట్టే" అన్నాడు అధికారి.

చిన్నమ్మ లేచింది. "ఏమప్పా, ఈసారి యాడికి తీస్కపోతారో ముందే చెప్పు. పోయినసారి ఆయనకని స్టేషనుకు తెచ్చిన సంగటి ముద్ద మళ్లా ఇంటికే మోసుకపోతి."

ఆమె కూర్చున్నాక నేను జవాబిచ్చాను: "భయపెట్టి మూయించిన నోళ్లను సమ్మతిగా రాసుకోవడమే ద్రోహం. ఈ నేల ఏమవ్వాలో ఈ ఊరే తేల్చుకుంటుంది. సభలోని పెద్దలారా, ముందు పోలీసులను బయటికి పంపించండి. ఆ తర్వాత మమ్మల్ని చేతులెత్తమని అడగండి."