నీ గూట్లోని బంతి

మిల్వాకీ,
అక్టోబరు 8.

ప్రియమైన అమ్మకు,

నీ లవెల్ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, నీ కోడలు రొవీనా, నా కుడి మోకాలూ కులాసా. ఎడమ మోకాలు కాస్త తక్కువ కులాసా. నువ్వూ, వెర్నెల్ పిన్నీ బాగున్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాం.

మందు రాసుకుంటున్నావా అని అడిగావు. రాసుకుంటున్నాను. బరువు ఎంతన్నావు. ఆడే రోజులకంటే ఎనభై పౌన్లు తగ్గాను. అయినా కొట్టులో రంగు డబ్బాలు మోస్తుంటే జనం "ఏం డెబ్బై నాలుగూ!" అని నా పాత నంబరుతోనే పిలుస్తారు. ఇక మూడో ప్రశ్న. ఇరవయ్యో తేదీన మన స్కూలు మైదానానికి నా పేరు పెడుతున్నారనీ, నీ గూట్లోని టచ్‌డౌన్ బంతిని స్కూలువాళ్లు అద్దాల పెట్టెలో పెడతామంటున్నారనీ, ఇవ్వమంటావా అనీ రాశావు.

ఇవ్వకమ్మా. కోప్పడకు, ముందు శనివారం సంగతి విను. ఫోనులో చెబితే నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం పిన్ని కల్పించి చెబుతుంది. అందుకే రాస్తున్నాను.

శనివారం కొట్టుకి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు కోవల్చిక్. కూరగాయల సంచీలోంచి ఫుట్‌బాల్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, నీ సొత్తు. పద్నాలుగేళ్ల కిందట నా గుండెల మీద విసిరి కొట్టావు" అన్నాడు. బంతి లేసుల పక్కన చూశాను. ఆ రోజు బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ బొటనవేలు చీలింది. ఆ నెత్తురు మరక నల్లబడి అలాగే ఉందమ్మా! నేను వేసిన కేకకి మా మేనేజరు ఏదో కూలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఇక చెప్పక తప్పదు. నీ దగ్గరున్నది ఆ బంతి కాదు.

పదకొండేళ్లు ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను తోయడమే నా పని. బంతి ముట్టుకునే యోగం మా వరుసవాళ్లకి ఉండదు. ఆ ఒక్క ఆదివారం మాత్రం "డెబ్బై నాలుగో నంబరు పట్టుకోవచ్చు" అని రిఫరీ మైకులో చెప్పాడు. నువ్వు ఎగిరి గంతేస్తే పిన్ని కాఫీ ఒలికిందట కదా! గీత అవతల పట్టుకున్నాను, టచ్‌డౌన్! ఒళ్లు తెలియని సంతోషంలో బంతిని జనంలోకి విసిరేశాను. సాయంత్రం నువ్వు ఫోను చేసి, "ఆ బంతి నాక్కావాలిరా, మీ నాన్న ఫోటో పక్కన పెడతా" అన్నావు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు ఆటసామాన్ల కొట్టులో ఒకటి కొని, పెరట్లో బురదలో దొర్లించి పంపాను. నువ్వేమో ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేముందు దాన్ని తుడిచి ముద్దు పెట్టుకుంటావు. అది చూసినప్పుడల్లా నాకు చచ్చినంత సిగ్గేసేది.

"ఇన్నాళ్లూ ఎందుకు తేలేదు పెద్దాయనా?" అని అడిగాను.

"మా ఆవిడ ఇవ్వనిస్తేగా! ఒళ్లో పెట్టుకునే ఆట చూసేది. ఏప్రిల్లో పోయింది. మొన్న పేపర్లో మీ మైదానం సంగతి చదివాను."

పాపం అనిపించి, నీ బంతి కథ ఆయనకి చెప్పేశాను. విని, బంతి తీసి మళ్లీ సంచీలో పెట్టేసుకున్నాడు!

"అమ్మతో అబద్ధమా? ఇంత మనిషివి!"

"భయమేసింది."

"అప్పట్లో మూడొందల పౌన్ల మనిషివి, భయమేంటయ్యా? ముందు ఉత్తరం రాయి. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాణ్ణి. నా చేత్తో డబ్బాలో వేశాకే నీకు బంతి."

అన్నట్టే ఇవాళ వచ్చి మా వంటింట్లో కూర్చున్నాడు. రొవీనా చేసిన చిక్కుళ్లు రెండు పళ్లేలు తిని, "ఇంకా కాలేదా? అదేమన్నా బైబిలా?" అని తొందరపెడుతున్నాడు.

పద్దెనిమిదిన ముగ్గురం కారులో బయల్దేరుతున్నాం. ఆయన మన మిసిసిపీ రాష్ట్రం ఎప్పుడూ చూడలేదట. చేపలు వేయించి ఉంచు. అసలు బంతి ఆయన చేతులమీదుగానే స్కూలుకి ఇప్పిద్దాం. నన్ను తిట్టాలనుకుంటే గుమ్మంలోనే తిట్టు, ఆయన ముందైనా సరే, పడతాను.

కోపం వచ్చినా గూట్లో బంతిని మాత్రం పారెయ్యకమ్మా. అసలు బంతి నా చేతుల్లో నిండా నాలుగు క్షణాలు కూడా లేదు. నీ చేతుల్లో పద్నాలుగేళ్లు ఉన్నది ఆ కొట్టు బంతే. అది నాకు కావాలి. నాకివ్వవూ?

ఇట్లు,
నీ పిరికి కొడుకు,
లవెల్.

తా.క.: అమ్మగారూ, మీవాడి అనుమతితో చదివాను. బంతి గురించి అంతా నిజమే. చిక్కుళ్లు మాత్రం ఒక్క పళ్లెమే తిన్నాను. – కోవల్చిక్